చప్పుడు ఎటు నుంచి వచ్చింది?.. సెకనులో లక్షో వంతు తేడాతో మన రెండు చెవులు వేసే లెక్క ఇదీ!

ఏప్రిల్ నెల, తెల్లవారుజాము. కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్లే దారి పక్కన అడవి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి ఊరి జనం బుట్టలు పట్టుకుని బయలుదేరారు. ఇంకా సరిగ్గా వెలుతురు రాలేదు. ఇంతలో పొదల్లో ఎండుటాకులు గలగలమన్నాయి. కంటికి ఏమీ కనిపించలేదు. అయినా అందరి తలలూ ఒకేసారి, ఒకే వైపు తిరిగాయి.

ఇప్పపువ్వు మనుషులకే కాదు, ఎలుగుబంట్లకూ ఇష్టమే. ఈ సీజన్‌లో ఇద్దరూ ఒకే చెట్టు కిందికి వస్తారు. ఆ తర్వాత తునికాకు సీజన్. అప్పుడూ ఇదే భయం. అలాంటి చోట ‘ఏదో చప్పుడైంది’ అని తెలిస్తే సరిపోదు. ‘ఎటు నుంచి’ అన్నది తెలియాలి. లేదంటే తప్పించుకోబోయి నేరుగా దాని మీదికే వెళ్తాం.

మరి చీకట్లో చప్పుడు వచ్చిన వైపు ఎలా తెలిసింది? కంటికైతే ఎదుటి బొమ్మ మొత్తం లోపల పడుతుంది. ఏది కుడి, ఏది ఎడమ అన్నది ఆ బొమ్మలోనే ఉంటుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. ఒక చెవిలోకి వెళ్లేది గాలి కంపనం మాత్రమే. దాని మీద ‘నేను ఫలానా వైపు నుంచి వచ్చా’ అని రాసి ఉండదు. అందుకే మెదడు రెండు చెవులనూ పోల్చి చూస్తుంది. ఇందుకోసం రెండు లెక్కలు వేస్తుంది. అవేంటో చూద్దాం.

మొదటి లెక్క.. టైమ్

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఇది 20 డిగ్రీల వేడి దగ్గర లెక్క. ఖమ్మం జిల్లాలో మే నెలలో 45 డిగ్రీల ఎండ కాస్తే ఈ వేగం 358 మీటర్ల దాకా పెరుగుతుంది.

చప్పుడు సరిగ్గా మీ కుడి పక్క నుంచి వచ్చిందనుకోండి. ముందు కుడి చెవికి చేరుతుంది. ఎడమ చెవికి చేరాలంటే తల చుట్టూ తిరిగి రావాలి. అంటే దాదాపు 22 సెంటీమీటర్ల అదనపు దూరం. దానికి పట్టే టైమ్ ఎంతో తెలుసా? సుమారు 0.65 మిల్లీసెకన్లు. అంటే సెకనును 1500 ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. రెప్ప వేయడానికి పట్టే టైమ్‌లో ఇలాంటివి వందకు పైగా పడతాయి.

పెద్దవాళ్లలో రెండు చెవుల మధ్య వచ్చే అతిపెద్ద తేడా ఇదే. చప్పుడు పక్క నుంచి ముందుకు జరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతూ వస్తుంది. సరిగ్గా ఎదురుగా ఉంటే రెండు చెవులకూ ఒకేసారి చేరుతుంది. అప్పుడు తేడా సున్నా.

ఆశ్చర్యం ఏంటంటే.. మనిషి మెదడు సెకనులో లక్షో వంతు తేడాను కూడా పసిగట్టగలదు. అందుకే ఎదురుగా ఉన్న చప్పుడు ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా గుర్తుపట్టగలం. చెయ్యి బారుగా చాపి చిటికెన వేలు నిలబెడితే ఆ వేలి వెడల్పు దాదాపు ఒక డిగ్రీ ఉంటుంది.

రెండో లెక్క.. ఏ చెవిలో గట్టిగా వినిపించింది?

ఎండలో నిలబడితే నీడ పడుతుంది కదా. శబ్దం విషయంలోనూ అంతే. కుడి వైపు నుంచి చప్పుడు వస్తే తల అడ్డంగా ఉంటుంది. ఎడమ చెవి ఆ నీడలో పడుతుంది. దాంతో అక్కడ శబ్దం కాస్త మెల్లగా వినిపిస్తుంది. ఏ చెవిలో గట్టిగా ఉంటే చప్పుడు ఆ వైపున ఉన్నట్టు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ నీడ అన్ని శబ్దాలకూ ఒకేలా పడదు. బొంగురు శబ్దాల అలలు చాలా పొడవు. సెకనుకు 100 సార్లు కంపించే శబ్దం అల పొడవు మూడు మీటర్ల పైనే. గోదావరిలో పెద్ద అల చిన్న గుంజను చుట్టుకుని వెళ్లిపోయినట్టు, ఆ శబ్దం మన తలను చుట్టుకుని వెళ్లిపోతుంది. నీడ దాదాపు పడదు. అదే కీచు శబ్దాల అలలు కొన్ని సెంటీమీటర్లే ఉంటాయి. వాటికి తల గోడలా అడ్డు నిలుస్తుంది. బాగా కీచుగా ఉండే శబ్దాల్లో రెండు చెవుల మధ్య తేడా 20 డెసిబెల్స్ వరకూ వెళ్తుంది.

డోలు ఒక లెక్క.. కంచుతాళం ఇంకో లెక్క

ఈ రెండూ కలిసి ఎలా పనిచేస్తాయో చెప్పడానికి మన మన్యంలోనే మంచి ఉదాహరణ ఉంది. కోయల డోలు, కంచుతాళం. ఈ కళతోనే మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

డోలు మోత బొంగురు. దానికి తల నీడ పనికిరాదు. కాబట్టి మెదడు టైమ్ లెక్కనే నమ్ముకుంటుంది. తాళం మోత కణకణమంటూ కీచుగా ఉంటుంది. ఆ అలలు మరీ వేగంగా వస్తాయి. ఏ అల ఏ చెవికి ముందు చేరిందో మెదడు విడదీసి చూడలేదు. అక్కడ గట్టిదనం లెక్క ఆదుకుంటుంది. ఈ రెండింటికీ హద్దు సుమారుగా సెకనుకు 1500 కంపనాల దగ్గర ఉంటుంది. అంటే ఒక లెక్క చేతులెత్తేసే చోట ఇంకోటి అందుకుంటుంది.

ఈ విషయాన్ని 1907లో స్పష్టంగా చెప్పింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ. ఆర్గాన్ వాయువును కనిపెట్టినందుకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే. మొదట్లో గట్టిదనం తేడాతోనే అంతా తెలుస్తుందని ఆయన అనుకున్నారు. కానీ బొంగురుగా మోగే శృతిదండం ఎటువైపు ఉందో కళ్లు మూసుకున్నా తెలిసిపోతోంది. దానికి తల నీడ పడదు కదా, మరెలా? ఆ చిక్కుముడి విప్పుతూ వెళ్తేనే టైమ్ లెక్క బయటపడింది. వందేళ్లు దాటినా ఈ సిద్ధాంతం పునాది చెక్కుచెదరలేదు.

మెదడులో ఈ లెక్క ఎక్కడ జరుగుతుంది?

మెడ పైభాగాన, తల వెనక లోపలి వైపు మెదడు కాండం ఉంటుంది. రెండు చెవుల నుంచి వచ్చే సమాచారం అక్కడే కలుస్తుంది. టైమ్ తేడా చూసే కణాల గుంపు ఒకటి, గట్టిదనం తేడా చూసేది ఇంకొకటి. ‘ఇదేం చప్పుడు’ అని మనం ఆలోచించేలోపే అక్కడ లెక్క మొదలైపోతుంది. అందుకే ముందు తల తిరుగుతుంది, భయం తర్వాత వేస్తుంది.

టైమ్ తేడాను కణాలు ఎలా పట్టుకుంటాయన్నదానికి 1948లో అమెరికా శాస్త్రవేత్త లాయిడ్ జెఫ్రెస్ ఒక ఊహ చేశారు. సింపుల్‌గా చెప్పుకుందాం. కొత్తగూడెం నుంచి ఒక బస్సు, భద్రాచలం నుంచి ఒక బస్సు ఒకే వేగంతో ఎదురెదురుగా బయలుదేరాయి. రెండూ ఒకేసారి కదిలితే సరిగ్గా మధ్యలో ఎదురుపడతాయి. భద్రాచలం బస్సు లేటుగా కదిలితే అవి కలిసే చోటు భద్రాచలం వైపు జరుగుతుంది. కలిసిన చోటు చూస్తే చాలు, ఎవరు ఎంత లేటో చెప్పేయొచ్చు. రెండు చెవుల సంకేతాలు కూడా ఇలాగే ఎదురెదురుగా వస్తాయని, అవి ఎక్కడ కలిస్తే అక్కడి కణం స్పందిస్తుందని ఆయన అన్నారు. తర్వాత గుడ్లగూబల మెదడులో దాదాపు ఇలాంటి ఏర్పాటే కనిపించింది. మనుషుల్లాంటి పాలిచ్చే జీవుల్లో మాత్రం ఈ పని కాస్త వేరే పద్ధతిలో జరుగుతుందని ఆ తర్వాతి పరిశోధనలు చూపించాయి.

కీచురాయి ఎందుకు దొరకదు?

రాత్రి ఇంట్లో కీచురాయి అరుస్తుంటే వెతికారా ఎప్పుడైనా? బీరువా వెనక అనుకుంటే మంచం కింద అనిపిస్తుంది. మంచం కింద చూస్తే తలుపు దగ్గర అనిపిస్తుంది. తప్పు మీది కాదు. చాలా రకాల కీచురాళ్ల అరుపు సెకనుకు 4 వేల నుంచి 5 వేల కంపనాల దగ్గర, దాదాపు ఒకే శృతిలో ఉంటుంది. టైమ్ లెక్కకు అది మరీ వేగం. గట్టిదనం లెక్కకేమో అదొక్క శృతే చాలదు. రెండు లెక్కలూ తడబడే చోట అది కూర్చుంది! పైగా గదిలో గోడల నుంచి ఆ శబ్దం తిరిగొస్తుంటుంది.

ఆకుల చప్పుడు దీనికి పూర్తిగా రివర్స్. అందులో బొంగురు, కీచు అన్నీ కలిసి ఉంటాయి. చటుక్కున మొదలవుతుంది, చటుక్కున ఆగుతుంది. అందుకే రెండు లెక్కలూ పనిచేస్తాయి. అడవి అంచున బతికే వాళ్ల అదృష్టం ఏంటంటే, ఎక్కువ భయపడాల్సిన చప్పుడే తేలిగ్గా దొరుకుతుంది.

రోడ్డు మీద కూడా ఇది పనికొచ్చే విషయమే. లారీ రివర్స్ చేస్తుంటే వచ్చే ‘బీప్.. బీప్’ ఒకే శృతి. వెనక లారీ ఉందని తెలుస్తుంది గానీ, నాలుగు లారీలు ఉన్నచోట ఏ లారీనో తేలదు. అందుకే కొన్ని దేశాల్లో బీప్‌కు బదులు ‘ష్‌.. ష్‌’ అనే, అన్ని శృతులూ కలిసిన హెచ్చరిక శబ్దం వాడుతున్నారు. బొగ్గు డంపర్లు, ఇసుక లారీలు తిరిగే మన ప్రాంతంలో ఈ తేడా ప్రాణాలకు సంబంధించిన మాట.

ముందా? వెనకా? పైనా?

ఇక్కడ ఇంకో చిక్కు. చప్పుడు సరిగ్గా ఎదురుగా ఉన్నా, సరిగ్గా వెనక ఉన్నా రెండు చెవులకూ ఒకేసారి, ఒకే గట్టిదనంతో చేరుతుంది. చెట్టు కొమ్మ మీద ఉన్నా అంతే. మరి తేడా ఎలా తెలుస్తుంది?

దీనికి మన దగ్గర రెండు ఉపాయాలున్నాయి. ఒకటి తల తిప్పడం. తల కొంచెం కుడికి తిప్పితే, ఎదురుగా ఉన్న చప్పుడు ఎడమ చెవికి దగ్గరవుతుంది. వెనక ఉన్నదైతే కుడి చెవికి దగ్గరవుతుంది. చిక్కు విడిపోయినట్టే. చప్పుడు వినగానే మనం తల అటూ ఇటూ కదిపేది ఇందుకే.

రెండోది బయటి చెవి. దాని ముడతలు ఊరికే లేవు. పై నుంచి వచ్చే శబ్దాన్ని ఒకలా, కింద నుంచి వచ్చేదాన్ని ఇంకోలా మలుస్తాయి. ఆ తేడాలను మెదడు చిన్నప్పటి నుంచి నేర్చుకుంటుంది. 1998లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కొందరి చెవుల్లో చిన్న అచ్చులు అమర్చి ఆకారం మార్చారు. వెంటనే పైనా కిందా అన్న తేడా పోయింది. కానీ కొన్ని వారాల్లో వాళ్ల మెదడు కొత్త చెవులకు అలవాటు పడింది! అచ్చులు తీసేశాక పాత చెవులూ మామూలుగానే పనిచేశాయి.

గుడ్లగూబకు చీకటి అడ్డే కాదు

ఈ విద్యలో ఆరితేరింది తెల్ల ముఖం గుడ్లగూబ. కటిక చీకట్లో కూడా ఎలుకను కేవలం చప్పుడుతోనే పట్టగలదని అమెరికాలో రోజర్ పేన్ చేసిన ప్రయోగాలు నిరూపించాయి. దాని రహస్యం చెవుల అమరికలోనే ఉంది. ఒక చెవి రంధ్రం కాస్త పైకి, ఇంకోటి కాస్త కిందికి ఉంటాయి. దాంతో టైమ్ తేడా కుడి ఎడమలను చెబితే, గట్టిదనం తేడా పైనా కిందా అన్నది చెబుతుంది. రెండూ కలిపితే ఎలుక అడ్రస్ దొరికినట్టే. పొలాల్లో ఎలుకలను తినే ఈ పక్షిని అపశకునమని తరిమేయడం మనకే నష్టం.

అడవిలో ప్రతిధ్వని మోసం చేయదా?

మాను, బండ, గుట్ట.. ప్రతిదానికీ తగిలి శబ్దం తిరిగొస్తుంది. ఒక్క చప్పుడు పది వైపుల నుంచి వినపడాలి కదా? అలా జరగదు. మెదడు ముందుగా చేరినదాన్నే నమ్ముతుంది. వెంటవెంటనే వచ్చేవాటిని దానికే కలిపేస్తుంది. తిరిగొచ్చే శబ్దం సెకనులో పదో వంతు ఆలస్యమైతే, అంటే అడ్డు కనీసం 17 మీటర్ల దూరంలో ఉంటే, అప్పుడు వేరే శబ్దంగా స్పష్టంగా వినిపిస్తుంది. పాపికొండల మధ్య లాంచీలో వెళ్తూ కేకేస్తే కొండ తిరిగి పలికేది అందుకే.

ఇంకో విషయం. దట్టమైన ఆకులు కీచు శబ్దాలను చెదరగొడతాయి. బొంగురు శబ్దాలే దూరం వెళ్తాయి. అందుకే దూరపు గూడెంలో జాతర జరుగుతుంటే ముందు మనకు చేరేది డోలు మోతే. తాళం చప్పుడు దగ్గరికెళ్తే గానీ తెలియదు.

గోదావరిలో మునిగితే లెక్క తప్పుతుంది!

ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1480 మీటర్ల వేగంతో వెళ్తుంది. గాలిలో కంటే నాలుగు రెట్లు ఎక్కువ. అంటే రెండు చెవుల మధ్య టైమ్ తేడా నాలుగో వంతుకు పడిపోతుంది. తల నీడ కూడా సరిగ్గా పడదు. గాలికి అలవాటైన మెదడు తికమకపడుతుంది. మునిగి ఉన్నప్పుడు పడవ ఇంజిన్ మోత అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టు అనిపిస్తుంది. కాబట్టి లాంచీలు తిరిగే చోట ఈత కొట్టేవాళ్లు చెవిని నమ్ముకోకూడదు. తల పైకెత్తి కంటితో చూసుకోవాలి.

మీ ఫోన్‌లో జరిగేదీ ఇదే

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాట వింటుంటే సింగర్ నెత్తి మధ్యలో, వయొలిన్ ఎడమ పక్కన ఉన్నట్టు అనిపిస్తుంది కదా. అక్కడ సింగరూ లేరు, వయొలినూ లేదు. ఒక చెవిలో కొంచెం గట్టిగా, కొంచెం ముందుగా వినిపిస్తే మెదడు ఆ బొమ్మను తయారు చేసుకుంటుంది. యూట్యూబ్‌లో తల చుట్టూ తిరిగే ‘8డీ’ పాటల వెనక ఉన్నది కూడా ఇదే ట్రిక్. ఒకే ఇయర్‌బడ్ తీసి పక్కవాళ్లకు ఇచ్చి చూడండి. పాట వినిపిస్తుంది గానీ చుట్టూ తిరగడం మాయమైపోతుంది.

ఒక చెవి పోతే ఏమవుతుంది?

‘ఒక చెవి బాగానే ఉంది కదా, ఏం కాదులే’ అని చాలామంది వదిలేస్తారు. ఇదే పెద్ద పొరపాటు. ఒక చెవితో మాటలు వినొచ్చు. కానీ రెండు లెక్కలకూ కావాల్సింది పోలిక. పోల్చడానికి రెండో చెవి లేకపోతే చప్పుడు ఎటు నుంచి వచ్చిందో చెప్పడం చాలా కష్టం. వెనక నుంచి బైక్ హారన్ కొడితే ఏ పక్కకు జరగాలో తెలియదు. జనం గోలలో ఎదుటి మనిషి మాట విడిగా పట్టుకోలేరు. గోల ఒకవైపు, మాట ఒకవైపు అని వేరు చేసేది కూడా ఈ రెండు చెవుల లెక్కే.

పిల్లల్లో ఇది బయటపడడం మరీ కష్టం. పిలిస్తే పలుకుతారు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. కానీ క్లాసులో ఒక పక్క కూర్చుంటే బాగా వింటారు, ఇంకో పక్క కూర్చుంటే పరధ్యానం అని తిట్లు తింటారు. గవదబిళ్లలు వచ్చి తగ్గాక కొందరిలో ఒక చెవి వినికిడి పోయే ప్రమాదం ఉంది.

పెద్దవాళ్లలో వయసుతో, యంత్రాల మోతతో ముందుగా పోయేది కీచు శబ్దాలు వినే శక్తి. అంటే గట్టిదనం లెక్క, బయటి చెవి చెప్పే పైనా కిందా లెక్క ముందుగా దెబ్బతింటాయి. గనుల్లో, మిల్లుల్లో, జాతర డీజేల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లు ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా వినికిడి లోపానికి చికిత్స లేదా సహాయం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గట్టి సౌండ్‌తో వినే అలవాటు వల్ల వంద కోట్ల మందికి పైగా యువత వినికిడికి ముప్పు ఉందని కూడా హెచ్చరించింది.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

* ఇంట్లోనే చిన్న పరీక్ష చేయొచ్చు. పిల్లాడిని కళ్లు మూసుకోమని, నాలుగు వైపుల నుంచి మెల్లగా చిటిక వేయండి. ఎటు నుంచో వేలితో చూపించమనండి. ఒక పక్క పదేపదే తప్పు చెబుతుంటే డాక్టర్‌కు చూపించండి. ఇది అనుమానం కోసమే, ఆసుపత్రి పరీక్షకు బదులు కాదు.
* రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ స్కూళ్లకు వచ్చే వైద్య బృందాలు వినికిడి లోపాన్ని కూడా చూస్తాయి. అనుమానం ఉంటే వాళ్లకు ముందే చెప్పండి.
* ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే ఆగొద్దు. రోజుల వ్యవధిలోనే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌ను కలవాలి. ఆలస్యమైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.
* చెవిలో నూనె, ఆకు పసరు పోయడం, పుల్లతో తవ్వడం వద్దు.
* ఫోన్ సౌండ్ తగ్గించండి. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సౌండ్ పెరిగేకొద్దీ వినే టైమ్ తగ్గించుకోవాలి.
* రోడ్డు మీద, అడవి దారిలో ఇయర్‌ఫోన్స్ తీసేయండి. ఒక్కటే పెట్టుకున్నా ఆ చెవి మూసుకుపోయినట్టే, పోలిక పోయినట్టే.
* ఇప్పపువ్వు, తునికాకు కోసం వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లొద్దు. గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్లండి. మన అలికిడి ముందే వినపడితే ఎలుగుబంటి పక్కకు తప్పుకునే వీలుంటుంది. ఆకుల చప్పుడు వినిపిస్తే మాత్రం ఒక్క క్షణం మాటలు ఆపి, తల మెల్లగా అటూ ఇటూ తిప్పండి. ఎటువైపో తేలాకే అడుగు వేయండి.

ఆ ఒక్క క్షణంలోనే రెండు చెవులు, ఒక మెదడు కలిసి సెకనులో లక్షో వంతుల లెక్క తేల్చేస్తాయి. వాటిని ఆ పని చేయనివ్వండి.